అమ్మమ్మ జీవిత చరిత్ర, ఒకే పేజీ

మా క్రైస్తవ కుటుంబాల్లో ఎవరైనా పోతే, సమాధికి తీసుకెళ్లే ముందు చర్చిలో వాళ్ల జీవిత చరిత్ర చదవాలి. రెండువేల ఐదులోననుకుంటాను, అమ్మమ్మ పోయినప్పుడు ఆ పని నా మీద పడింది. డిగ్రీ చదువుతున్నాను, తెలుగు బాగా రాస్తానని ఇంట్లో పేరు.

నాకు తెలిసింది తెలిసినట్టే రాశాను. పూడిమడకలో పుట్టింది. ముప్పై ఏళ్లు ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని అనకాపల్లి వీధులన్నీ తిరిగింది. చేపను గిల్లి, వాసన చూసి, వద్దని లోపలికి పోయేవాళ్లని వీధి మలుపు దాకా తిడుతూనే ఉండేది. పాస్టరుగారు ప్రార్థన సాగదీస్తే మధ్యలోనే గట్టిగా ఆమేన్ అనేసేది. నలుగురు పిల్లల్ని ఆ గంపతోనే చదివించింది.

ఆ నలుగురిలో పెద్దవాడు, మావయ్య, హైస్కూల్లో మేష్టారు. నా కాగితం తీసుకుని ఎర్ర పెన్నుతో దిద్దడం మొదలుపెట్టాడు. గంప కొట్టేశాడు. తిట్లు, ఆమేన్ కొట్టేశాడు. ఊళ్లో అందరూ పిలిచే పేరు తీసేసి, ఎవరూ పిలవని బాప్తిస్మం పేరు పెట్టాడు. చివరికి ‘చిన్నపాటి వ్యాపారం చేస్తూ ఎంతో ఓర్పుతో జీవించారు’ అని మిగిలింది. ఓర్పట, అమ్మమ్మకి.

"ఎండుచేపలని చదివితే వియ్యాలవారి ముందు తలెత్తుకోగలమేటి? నీకు తెల్దు, ఊరుకో" అన్నాడు.

"పోన్లే, ఈ ఒక్కరోజుకి గొడవెందుకు, మావయ్య సెప్పినట్టే సదివీ" అంది అమ్మ.

నాకు ఒళ్లు మండిపోయింది. అయినా డీటీపీ చేయించి తెచ్చిన ఆ పేజీని ఒక్క అక్షరం పొల్లుపోకుండా చదివేశాను. అంత చక్కగా చదివినందుకు ఇప్పటికీ నామీద నాకే కోపం.

బయటికొచ్చాక ఒక ముసలామె నా చెయ్యి పట్టుకుంది. అమ్మమ్మతో పాటు గంప మోసిన మనిషి, చర్చిలో అడుగుపెట్టడం అదే మొదటిసారి. పూడిమడక నుంచి రెండు ఆటోలు మారి వచ్చింది.

"ఇందాక సదివేవు కదమ్మా, ఆవిడెవులో గాని మంచావిడే. మరి మీ అమ్మమ్మ గురించి ఒక్క ముక్కా సదవనేదేటి? అది ఇందామనే కూకున్నాను" అంది.

వెక్కిరింత కాదు, నిజంగానే అడిగింది. మావయ్య పక్కనే ఉన్నాడు.

"టైము సరిపోలేదు మామ్మా" అన్నాను.