రేకు మీది బంతిపూల దండ

పుస్తకాల అట్టలకు బొమ్మలు వేసి బతుకుతున్నాను కాబట్టి, ఏ సభకు పిలిచినా ఒకటే ప్రశ్న: మీ మీద ఎవరి ప్రభావం ఉందండీ? నాకంటే ముందు మాట్లాడినవాళ్లు విదేశీ పోస్టర్ల దగ్గర మొదలుపెట్టి, మన వారపత్రికల్లో కథలకు బొమ్మలు గీసిన మహానుభావుల మీదుగా, ఇవాళ కంప్యూటర్‌లో తెలుగు అక్షరాలు తీర్చేవాళ్ల దాకా గడగడా అప్పజెప్పేస్తారు. వాళ్లందరికీ వెయ్యి దండాలు. నాకు మాత్రం తార్నాకలో రేకుల షెడ్డు కింద సైన్‌బోర్డులు రాసిన ఒక మనిషి గుర్తొస్తాడు. ఆయన గురించి చెప్పబోతే నా తప్పు కూడా చెప్పాలి. అందుకని నేనూ ఏదో పెద్ద పేరు చెప్పి స్టేజీ దిగిపోతుంటాను.

ఆయన్ని అందరూ ఉస్తాద్ అనేవారు. ఇల్లు వారాసిగూడలో. పాత వారపత్రికల బొమ్మలు కత్తిరించి ఒక లావాటి పుస్తకంలో అంటించుకున్నాడు. దాన్ని నా ముందు పెట్టి, "గీత యాడ ఆపిండో చూడు బిడ్డా. గీసుడు అందరికొస్తది. ఆపుడే ఎవనికి రాదు" అనేవాడు.

నాకసలే రాదు. అప్పుడు యూనివర్సిటీ క్యాంపస్‌లో ఎమ్మే చదువుతున్నాను. క్లాసులవగానే బోర్డుల మీద అక్షరాలు రాయడం నేర్చుకోవడానికి షెడ్డుకు పరిగెత్తేదాన్ని. గోదావరి వైపు నుంచి వచ్చి స్థిరపడిన బడిపంతులి కూతుర్ని. నోరూ చెయ్యీ రెండూ దురుసే. "కాలు జారితే తీసుకోగలం గానీ నోరు జారితే తీసుకోలేమే తల్లీ" అని మా అమ్మ రోజుకోసారి మొత్తుకునేది. చెయ్యి జారడం గురించి ఆవిడకు తెలియదు.

చనిపోయినవాళ్ల బొమ్మలు కూడా ఉస్తాద్ వేసేవాడు. వాటికొక పద్ధతి ఉంది. ముఖం, చొక్కా అన్నీ పూర్తిచేసి బ్రష్ పక్కన పెట్టేసేవాడు. ఇంటివాళ్లలో ఒకరు వచ్చి, బొమ్మను చూసి, "దండ వెయ్యండి" అని నోటితో చెప్పాలి. ఆ మాట వినకుండా ఒక్క పువ్వు కూడా వేసేవాడు కాదు. కొందరు ఆ మాట అనలేక గంటసేపు కూర్చునేవాళ్లు. చాయ్ తెప్పించి ఆయనా కూర్చునేవాడు. పని పాడవుతోందని నేను సణిగేదాన్ని.

ప్రత్యేక రాష్ట్ర ఉద్యమం మంచి ఊపు మీదున్న రోజులవి. రోజు విడిచి రోజు బంద్. ఒకరోజు క్యాంపస్‌లో తొక్కిసలాట జరిగి మా పక్క డిపార్ట్‌మెంట్ కుర్రాడికి తలకు దెబ్బ తగిలింది. ఆస్పత్రిలో వేశారు. తెలివి రాలేదు. అతనికి మంచి వైద్యం చేయించాలని ఊరేగింపు తీయడానికి నా స్నేహితులు పెద్ద బొమ్మ కావాలన్నారు. ఫ్లెక్స్ షాపులన్నీ మూసి ఉన్నాయి. ఉస్తాద్ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. హాల్‌టికెట్ ఫొటో చూసి, రేకు మీద ఎనామిల్‌తో ముఖం దించాడు. తెల్లచొక్కా, నవ్వీ నవ్వని పెదవులు. అచ్చం వాడే.

మర్నాడు మధ్యాహ్నం ఉస్తాద్ అన్నానికి వెళ్లాడు. ఒకడు సైకిల్ మీద అరుచుకుంటూ పోయాడు: "మనోడు పోయిండు! పోయిండు!" నాకు ఒళ్లంతా మండిపోయింది. నన్ను "ఆంధ్రోళ్ల పిల్ల" అని ఏడిపించే స్నేహితులకు, నా దుఃఖం కూడా దుఃఖమేనని చూపించాలన్న ఉబలాటం కూడా ఉంది, ఎందుకు దాచాలి? పసుపు డబ్బా మూత తీశాను. అరగంటలో బంతిపూల దండ పూర్తిచేసి, ఆరడానికి రేకును ఫుట్‌పాత్ మీద ఎండలో నిలబెట్టాను.

సీతాఫల్‌మండిలో రైలు దిగి, బస్సుల్లేక ఆస్పత్రికి నడిచిపోతున్న ఒకావిడ ఆ రేకు ముందు ఆగిపోయింది. చేతిలో గుడ్డసంచీ.

"గీడు నా కొడుకు గద" అంది. గొంతులో ఏడుపు లేదు, అడుగుతోందంతే. "దండెందుకేసిన్రు?"

నేను పసుపు డబ్బాకు మూత పెట్టేశాను. ఆవిడ అక్కడే కూలబడింది. అప్పుడే వచ్చిన ఉస్తాద్ ఆవిణ్ని చూశాడు, రేకును చూశాడు, నన్ను చూడలేదు. ఆస్పత్రిలో ఉన్న విద్యార్థులకు ఫోన్ చేశాడు. కుర్రాడు బతికే ఉన్నాడు. గాలివార్త.

"తల్లీ, నీ కొడుకు మంచిగున్నడు. తప్పు నాది. ముసలోణ్ని, తొందరపడ్డ" అంటూ గుడ్డ కిరోసిన్‌లో ముంచి ఆవిడ కళ్లముందే దండ తుడిచేశాడు. "చూడు, పోయింది." చొక్కా రంగు ఇంకా పచ్చిగానే ఉండటంతో తెలుపంతా పసుపు మరకలైంది. ఆ తప్పు నాదని నేను ఆ క్షణంలో చెప్పాల్సింది. చెప్పలేదు. చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డాను, పిరికిదాన్ని.

నాలుగో రోజున కుర్రాడు నిజంగానే పోయాడు.

స్నేహితులు దండ కోసం వచ్చారు. "ఇంటోళ్లు చెప్పాలె" అన్నాడు ఉస్తాద్, ఎప్పటిలాగే. వాళ్లు కోప్పడ్డారు, బతిమాలారు. ఆయన బ్రష్ ముట్టలేదు. సాయంత్రానికి ఎవరో ఆ తల్లిని నడిపించుకొచ్చారు. ఆవిడ రేకు దగ్గర కూర్చుని కొడుకు చెంప మీద చెయ్యి పెట్టింది.

"వెయ్యిండ్రి" అంది.

ఉస్తాద్ బ్రష్ తీసుకోబోయాడు. ఆవిడ తల అడ్డంగా ఊపి నా వైపు చూసింది. "నువ్వు గాదన్నా. ఆ పిల్లతోని వేయించు. మొన్న ఆమె చేతి ఏళ్లకే పసుపు రంగుండె, నేను జూసిన."

ఆయన బ్రష్ నా చేతిలో పెట్టాడు. నేను మోకాళ్ల మీద కూర్చుని ఏడుస్తూ మొదటి పువ్వు వేశాను, రెండోది వేశాను. ఆ మరకల మీదే వచ్చాయి పూలు. ఎలాగోలా అయిపోతే చాలని గబగబా వేస్తున్నాను. ఆవిడ నా మణికట్టు పట్టుకుంది.

"మెల్లగ వెయ్యి బిడ్డా" అంది. "ఇగ తొందరేమున్నది?"