మూడు ఇప్పచెట్ల నడుమ

నా చిన్నప్పుడు ఒక తెల్లవారుజామున మూడు ఎలుగుబంట్లను ఒక్క చీపురుతో తరిమికొట్టాను. ములకలపల్లి చుట్టుపక్కల ఈ సంగతి నా నోట విననివాళ్లు తక్కువ. మొన్న వేసవిలో మా మనవరాలికి చెప్పబోతే మాత్రం అబద్ధం గొంతులోనే ఆగిపోయింది.

ఆ పిల్ల ఖమ్మంలో ఇంటర్ చదివింది. పోడు భూముల కేసులకని మా ఊరివాళ్లు కోర్టుకు పోవడం, అక్కడ ఏం జరిగిందో తెలియకుండానే తిరిగి రావడం చూస్తూ పెరిగి, లాయరు కావాలని పట్టుబట్టింది. హైదరాబాదు, విశాఖపట్నం, బెంగళూరు, మూడుచోట్లా లా చదువుకు సీటొచ్చింది. మూడూ మంచి యూనివర్సిటీలే. మర్నాడు మధ్యాహ్నంలోగా ఒకదానికి ఒప్పుకోకపోతే మూడూ చేజారతాయి. పిల్ల అన్నం ముట్టడం మానేసింది. ఏడ్చి ఏడ్చి కళ్లు ఉబ్బాయి.

"తప్పుదాంట్ల పడితే నా బతుకు ఆగమైతది తాతా. నాకీ చదువే వద్దు, తునికాకు కోయనీకే పోత," అంది.

నవ్విద్దామని ఎలుగుబంట్ల కథ ఎత్తుకున్నాను.

"నిజంగ ఎలుగులేనా?" అని నిలదీసింది. లాయరు బుద్ధి అప్పుడే వచ్చేసింది.

మేకలని ఒప్పుకున్నాను. మూడు కాదు, ఒకటే. దాన్ని తరిమింది కూడా నేను కాదు, మా అవ్వ, అంటే మా నాయన తల్లి.

అసలు జరిగింది ఇదీ. ఆ ఏడు మా ఇప్పచెట్టు ఎండిపోయింది. ఇంట్లో గింజ లేదు. వానలు పడేదాకా ఇప్పపువ్వే మాకు తిండి. ఎవరిదీ కాని చెట్టు కింద ఎవరు ముందుగా ఎండుటాకులు ఊడ్చి నేల శుభ్రం చేస్తే, ఆ ఏటికి దాని పువ్వు వాళ్లది. అది మా పద్ధతి. వాగు ఒడ్డున అలాంటి చెట్లు మూడున్నాయి. ఒకదాని కింద ఊడ్చి రమ్మని అవ్వ నన్ను పంపింది.

మొదటిదాని కింద సగం ఊడ్చేసరికి రెండోదాని మొగ్గలు గుత్తులు గుత్తులుగా కనిపించాయి. అక్కడికి పోయాను. అక్కడి నుంచి చూస్తే మూడోది ఇంకా నిండుగా ఉంది. పొద్దుగూకేదాకా అలా తిరుగుతూనే ఉన్నాను, ఒక్క చెట్టు కిందా నేల సరిగ్గా బయటపడలేదు. తెల్లారేసరికి మూడూ పువ్వు రాల్చాయి. రాలిందంతా ఆకుల్లో, ముళ్లల్లో కలిసిపోయింది. పైకి కనిపించే నాలుగు పూలనూ మేక మేసింది. ఖాళీ గంపతో పోయి ఇంట్లో ఆకలిగా ఉన్న చెల్లెలి ముఖం చూడలేక, ఆ చెట్ల నడుమే కూలబడి ఏడ్చాను.

అవ్వ వచ్చి మేకను అదిలించింది. నన్ను తిట్టలేదు. "ఈ మూడిట్ల చెడ్డ చెట్టేదిరా? సూపియ్యి," అంది. చూపలేకపోయాను. "చెడ్డదే లేనప్పుడు ఇగ భయమెందుకు?" అని, నా భుజాలు పట్టి దగ్గరున్న చెట్టు వైపు తిప్పింది. మిగిలిన రెండింటికీ వీపు పెట్టించి, చీపురు చేతికిచ్చింది. ఊడ్చడం అయ్యేదాకా తల తిప్పనివ్వలేదు.

మర్నాడు గంప నిండిపోయిందని అందరికీ చెబుతుంటాను. నిండలేదు, సగమే. ఆ సగంతోనే ఆ పూట మా పొయ్యి వెలిగింది. తక్కిన రెండు చెట్లూ వేరేవాళ్లవయ్యాయి.

మనవరాలు కళ్లు తుడుచుకుని, "ఆ రెండు ఎక్కువ రాల్చినయా తాతా?" అంది. తెలియదన్నాను. పొద్దున్నే ములకలపల్లి ఎస్టీడీ బూత్‌కు పోయి, విశాఖపట్నం యూనివర్సిటీకి ఫోను చేసి వస్తానని చెప్పేసింది. ఫోను పెట్టేశాక మిగిలిన రెండింటి కోసం వెక్కి వెక్కి ఏడ్చింది. నేను ఆపలేదు.

ఇప్పపువ్వు వాసన తగిలితే ఈనాటికీ నా భుజాల మీద అవ్వ చేతులు బిగుస్తాయి. ఆనాటి నుంచి ఏ పనిలోనూ తల తిప్పి చూడలేదని చెప్పుకుంటుంటాను. తిప్పుతూనే ఉంటాను. చీపురు మాత్రం వదలను.