మూసినా ఊగిన లీవర్

ఇంతవరకు ఎవరికీ చెప్పని సంగతి ఒకటి చెప్పి మొదలుపెడతాను. సినిమా షూటింగులకు తుపాకులు అద్దెకిచ్చే చోట కొన్నేళ్లుగా పనిచేస్తున్నాను కానీ, తుపాకీ పేలే క్షణంలో మాత్రం కళ్లు మూసుకుంటాను. ఆ సమయంలో అందరి చూపూ ఆర్టిస్టు మీదే ఉంటుంది కాబట్టి నన్నెవరూ గమనించలేదు.

మా షాపు ఫిల్మ్‌నగర్‌లో, ఒక డబ్బింగ్ స్టూడియో కింద ఉంటుంది. బి.కాం. అయ్యాక లెక్కలు రాయడానికి చేరాను. గిరాకీ లేనప్పుడు వెనక గదిలో కూర్చుని పుస్తకం చదువుకోవచ్చన్నది నా అసలు ఆశ. యజమాని యాదగిరి సార్‌ది షేక్‌పేట. తుపాకులు తుడవడం, సెట్లో అప్పగించే ముందు పరీక్షించడం ఆయనే మెల్లగా నేర్పారు. మా దగ్గరివి బ్లాంకులు మాత్రమే పేల్చేవి. బ్లాంక్ అంటే ముందు గుండు లేని, మందు మాత్రమే ఉన్న తూటా. గుండు లేదు కదా, ప్రమాదమేముందని చాలామంది అనుకుంటారు. కానీ మంట, వేడిగాలి నిజమైనవే.

కిందటేడాది ఎండాకాలంలో ఒక పాతకాలపు కథ కోసం రెండు కొత్త లీవర్ యాక్షన్ రైఫిళ్లు తెప్పించాం. ట్రిగ్గర్ చుట్టూ ఉండే ఇనప కడియాన్ని కిందికి లాగి మళ్లీ మూస్తే, కాలిన తొడుగు బయటపడి కొత్త తూటా లోపలికి వెళుతుంది. ఆ కడియమే లీవర్. దానితోపాటు లోపల కదిలే భాగాలన్నిటినీ కలిపి యాక్షన్ అంటారు. పెట్టె విప్పి, ఖాళీగా ఉందని చూసుకుని, మొదటిదాని లీవర్ తెరిచాను. అది పక్కలకి లొడలొడ ఊగింది.

"సార్, కొత్తది ఇంత లూజుగా ఉందేంటి? వెనక్కి పంపేద్దామా?" అని అడిగాను.

యాదగిరి సార్ నవ్వారు. "ఏంది బిడ్డా, దర్వాజ తెరిస్తె రెక్క ఊగదా? గిది గూడ గంతే. తెరిచినప్పుడు ఊగితె ఫికర్ చెయ్యకు. మూసినంక ఊగితె నాకు చెప్పు."

మూశాను. కదల్లేదు. రెండోదీ అంతే. ఆ వారంలోనే ట్రయల్ చూడటానికి వచ్చిన ప్రొడక్షన్ మేనేజర్ ప్రసాద్ గారు కూడా లీవర్ తెరిచి, "ఇదేంటమ్మా, ఊగుతోంది?" అన్నారు. "ఈ రకానికి అది నార్మలేనండీ" అని చెప్పాను. అంత ధీమాగా నేను చెప్పిన మాటలు తక్కువ. ఆ మాటే తర్వాత నాకు అడ్డం తిరిగింది.

జూబ్లీ హిల్స్‌లో ఒక బంగళా వెనక ఇంకా పగలగొట్టకుండా మిగిలిన రాళ్లగుట్ట ఉంది. సెట్ అక్కడ వేశారు. హీరోకి డూప్‌గా చేసే శీను అన్న, కృష్ణానగర్‌లో ఉండే ఫైటర్, బండ చాటున పడుకుని, చెంప రైఫిల్‌కి ఆనించి వరుసగా కాల్చాలి. మొదటి రైఫిల్ అంతకుముందే ఏజింగ్ కోసం ఆర్ట్ డిపార్ట్‌మెంట్‌కి వెళ్లి, అక్కడి నుంచి నేరుగా సెట్‌కి వచ్చింది. ఏజింగ్ అంటే కొత్త వస్తువుకి గీతలు, మురికి, తుప్పు రంగు పెట్టి పాతదిగా కనిపించేలా చేయడం. పని ఎంత బాగా చేశారంటే, అది మా రైఫిలేనని నేను గుర్తుపట్టలేకపోయాను.

శీను అన్న దాన్ని చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. "ఏంది చెల్లె, మా పోరగాని గిలక్కాయ లెక్క మోగుతున్నది?"

"ఇలా ఇవ్వన్నా" అని తీసుకున్నాను. ఖాళీగా ఉందని కళ్లతో చూశాను, వేలు పెట్టి కూడా చూశాను. లీవర్ మూసి రైఫిల్‌ని అడ్డంగా పట్టుకున్నాను. లీవర్ బొటనవేలి మందం కిందికి జారింది. గట్టిగా నొక్కి మూశాను. మళ్లీ జారింది.

ప్రసాద్ గారు వచ్చారు. "ఏంటమ్మా ఆలస్యం? వెలుగు పోతోంది."

"యాక్షన్ లూజుగా ఉందండీ."

"లూజుగా ఉండటం నార్మలని మొన్న నువ్వే చెప్పావు కదమ్మా!"

"అది తెరిచినప్పుడండీ. ఇది మూసినప్పుడు..."

"తెరిచినా మూసినా గన్ ఒకటే కదా తల్లీ?"

చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. ఆయన వెటకారంగా అనలేదు. సూర్యుడు దిగిపోతున్నాడు, యూనిట్ మొత్తం నిలబడి ఉంది, ఆయన తొందర ఆయనది. నాకే లోపల అనుమానం. కొత్త స్ప్రింగులు కొన్నాళ్లకి సర్దుకుని ఇలాగే అవుతాయేమో? నేను ఈ రకాన్ని చూసిందే ఈమధ్య. యాదగిరి సార్ ఊరవతల ఇంకో షూటింగ్‌లో ఉన్నారు. ఫోన్ కలవలేదు.

ఇంకొక పరీక్ష మిగిలింది. ఈ రైఫిల్లో ట్రిగ్గర్ వెనక చిన్న పిన్ను ఒకటి బయటికి పొడుచుకుని ఉంటుంది. లీవర్ పూర్తిగా మూసుకుని దాన్ని లోపలికి నొక్కితేనే ట్రిగ్గర్ పనిచేస్తుంది. లీవర్ కొంచెం తెరుచుకుని ఉన్నా పేలకూడదు. జారిన లీవర్‌ని అలాగే వదిలి, గొట్టం నేల వైపు పెట్టి ట్రిగ్గర్ నొక్కాను.

టక్‌మంది.

ఆ చప్పుడు రాకూడదు, లీవర్ తెరుచుకుని ఉన్నా ట్రిగ్గర్ పనిచేస్తోందన్నమాట. తూటా ఉండే గది సరిగ్గా మూసుకోకుండా పేలితే మంట వెనక్కి కూడా తన్నుతుంది. వెనక ఉండేది శీను అన్న కన్ను.

"ఇవ్వనండీ" అన్నాను. ఎవరికీ వినబడలేదు. గొంతు పెంచి మళ్లీ అన్నాను. "ఈ రైఫిల్ ఇవ్వను సార్. దీంతో కాలిస్తే అన్న ముఖం కాలొచ్చు. షాపులో రెండోది ఉంది. తెప్పించి పక్కపక్కన పెట్టి చూద్దాం. రెండూ ఒకలాగే ఉంటే నాదే తప్పని ఒప్పుకుంటాను."

ప్రసాద్ గారు శీను అన్న వైపు చూశారు. అతను అప్పటికే బండ మీద కూర్చున్నాడు. "మొకం నాది సార్. జర ఆగుదాం. అప్పటిదాంక చాయ్ చెప్పుండ్రి."

ఫిల్మ్‌నగర్ దూరమేమీ కాదు కానీ సాయంత్రం ట్రాఫిక్ సంగతి తెలిసిందే. షాపు నుంచి మావాళ్లు వచ్చేదాకా ఆ రైఫిల్‌ని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎవరినీ ముట్టుకోనివ్వలేదు. ఈ వస్తువు బాగానే ఉండాలని కోరుకోవాల్సింది. నేనేమో ఇది చెడిపోయి ఉంటే బాగుండునని కోరుకుంటున్నాను. ఇది బాగానే ఉంటే, ఇంతమందిని నా పిరికితనంతో ఆపేసినట్టే.

రెండోది వచ్చింది. బల్ల మీద పక్కపక్కన పెట్టాను. తెరిస్తే రెండూ ఒకేలా ఊగాయి. ప్రసాద్ గారు పెదవి విరిచారు. మూశాను. రెండోదాని లీవర్ అంటుకుని ఉండిపోయింది, మొదటిదానిది జారింది. రెండోదాని లీవర్‌ని కాస్త తెరిచి ట్రిగ్గర్ నొక్కాను. అది కదల్లేదు. ప్రసాద్ గారిని కూడా నొక్కి చూడమన్నాను. ఆయన నొక్కి చూసి, రైఫిల్‌ని మెల్లగా బల్ల మీద పెట్టారు.

అప్పుడు ఏజింగ్ చేసిన నాగభూషణం గారు గుంపులోంచి ముందుకొచ్చారు. రాజమండ్రి వైపు మనిషి, అరవై దాటాయి.

"దీనికా కంగారు? అది నేను చేసిందేనమ్మా. ముప్పై ఏళ్లు వాడిన తుపాకీలా ఉండాలన్నారు డైరెక్టరు గారు. రంగేస్తే చూడ్డానికి పాతబడుద్ది, చేత్తో పట్టుకుంటే కొత్తదని తెలిసిపోద్ది కదా. అందుకని లీవర్ని ఆపే బుడిపెని కాస్త అరగదీశాను. బాగా కుదిరింది కదూ?"

"మరి ఈ పిన్నండీ?" అన్నాను. అది లోపలికి పోయి ఉంది. చుట్టూ తుప్పు రంగు వార్నిష్ గట్టిపడింది.

"అదొక్కటే తళతళలాడుతోందని నొక్కి పూత పూశానమ్మా."

పిన్ను ఎందుకుందో చెప్పాను. ఆయన ముఖం మారిపోయింది. భుజం మీది తువ్వాలు తీసి, ఏ మరకా లేని చేతులు తుడుచుకున్నారు.

"కన్ను పోయేదా?"

"పోయి ఉండొచ్చండీ."

"ఊకో పెద్దమనిషి, పోలే గదా!" అన్నాడు శీను అన్న. "తుపాకిని ముసలిది చెయ్యమంటె నన్ను ఒంటికన్నోణ్ణి చేస్తుంటివి." తన మాటకి తనే నవ్వాడు.

రెండో రైఫిల్ మీద ముల్తానీ మట్టి చల్లి, ఉన్న కాస్త వెలుగులో షాట్ తీశారు. మరీ కొత్తగా కనిపిస్తోందని డైరెక్టర్ గారు గొణిగారు. ప్రసాద్ గారు "దూరంగా తీసుకుందాం సార్" అని సర్దిచెప్పారు. మొదటిదాన్ని యాదగిరి సార్ మర్నాడు లైసెన్సు ఉన్న మెకానిక్‌కి అప్పగించారు.

కొత్త రైఫిల్ వదులుగా ఉంటే నార్మలేనా అని ఇప్పటికీ అడుగుతుంటారు. ఇప్పుడు వెంటనే జవాబు చెప్పను. తెరిచినప్పుడా మూసినప్పుడా అని అడుగుతాను. చివరిసారి చూశాక ఎవరెవరి చేతుల్లోకి వెళ్లిందని అడుగుతాను. నార్మల్ అన్న మాట నేను చెప్పిన పూటకే చెల్లుతుంది. నా చేయి దాటి తిరిగొచ్చిన తుపాకీ, నిన్న నేనే తుడిచినదైనా సరే, నాకు తెలియని తుపాకీ. ఆ రోజు పాడుచేసినాయన నిర్లక్ష్యంగా చేయలేదు. పని మీద ప్రేమతోనే చేశారు. అదే నన్ను ఇప్పటికీ ఎక్కువ భయపెడుతుంది.

తర్వాతి వారం రెండో రైఫిల్‌కి కూడా ఏజింగ్ కావాల్సి వచ్చింది. ఈసారి నాగభూషణం గారు దాన్ని తీసుకెళ్లలేదు, రంగు డబ్బాలతో తనే మా షాపుకి వచ్చారు. కూర్చోమంటే కూర్చోలేదు. జేబులోంచి సుద్దముక్క తీసి నా ముందు పెట్టారు.

"ఎక్కడెక్కడ ముట్టుకోకూడదో ముందు నువ్వు గీతలు గీసిపెట్టమ్మా. మిగతా ఒళ్లంతా నేను ముసలిదాన్ని చేస్తాను."