వేలు తీస్తే పోయే ఫొటోలు

మంగళవారం. బట్టలు ఆరేశాను, కూర తరిగాను, పప్పు కుక్కర్‌లో పెట్టాను. ఐదు నిమిషాల పనే కదా అని అమ్మాయి చిన్నప్పటి ఫొటోలున్న పెన్‌డ్రైవ్‌ను ల్యాప్‌టాప్‌కు పెట్టాను. వేలితో పక్కకు నొక్కి పట్టుకుంటేనే కనబడుతోంది, వదిలితే మాయం. ఇంకో కాపీ లేదు. కాపీకేమో గంట పడుతుందట! కుక్కర్ ఆరో కూత వేసినా లేవలేకపోయాను.

అప్పుడే మా ఇంట్లో పనిచేసే యాదమ్మ వచ్చి స్టవ్ ఆపింది.

"గిట్ల కూసున్నరేందమ్మా?"

"వేలు తీస్తే ఫొటోలు పోతాయి యాదమ్మా. చెయ్యి తిమ్మిరెక్కిపోయింది."

"జర జరుగుండ్రి, నేను పట్టుకుంట."

ముప్పావుగంట కదలకుండా కూర్చుంది. ఆమె తోమాల్సిన అంట్లు నేను తోమాను. "కడాయి అడుగు గట్టిగ రుద్దుండ్రి!" అని కుర్చీలోంచే కేకలు.

ఫొటోలన్నీ వచ్చాయి. మీవి ఎన్ని కాపీలున్నాయో ఇప్పుడే చూసుకోండి. కడాయి మాత్రం నచ్చక యాదమ్మ మళ్లీ తోమింది. అయినా, మా ఇద్దరి బాకీ చెల్లిపోయిందని తనే అంది.