తడిగుడ్డకు తెరుచుకున్న తాళం

ఇప్పుడంటే ఏ మిషన్ ముందైనా దర్జాగా నిలబడుతున్నాను గానీ, ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే నాకు కరిచే కుక్కతో సమానం. (నేను చెప్తుంటే మనుమరాలు రాస్తోంది, కాబట్టి తప్పులుంటే సగం దానివి.) మా ఆయన పోయి అప్పటికి ఆరు నెలలు. చొప్పదండి నుంచి రోజూ బస్సెక్కి కరీంనగర్‌లో ఒక శిక్షణ కేంద్రానికి ఊడ్చి తుడిచే పనికి వెళ్లేదాన్ని. పని ఇంకా పక్కా కాలేదు. దసరా దాకా చూసి, నచ్చితే ఉంచుకుంటామన్నారు. ఇంట్లో పొయ్యి వెలగాలంటే అదొక్కటే దారి, అందుకని మచ్చ లేని చోట కూడా రుద్దేదాన్ని.

ఆ నెల మిలిటరీ వాళ్లు వచ్చారంటే తుపాకులు చూస్తాననుకున్నాను. తీరా చూస్తే అందరూ కంప్యూటర్ ప్రోగ్రాములు రాసేవాళ్లే. శత్రువు దూరకుండా ప్రోగ్రాం ఎలా రాయాలో నేర్పడానికి మంచిర్యాల నుంచి ఒక సారు వచ్చేవాడు. ఆయన పాఠం చెప్పడం తక్కువ, పని చేయించడం ఎక్కువ. సగం మంది పాస్‌వర్డ్ అడిగే తాళం రాయాలి, సగం మంది దాన్ని పగలగొట్టాలి. ఖానాపూర్ వైపు నుంచి వచ్చిన ఒకాయన (నేను పెట్టిన పేరు మీసాల సారు) రాసిన తాళం రెండు రోజులైనా ఎవరికీ లొంగలేదు. "మీ తాతలు దిగొచ్చినా గిది తెరువలేరు" అని మీసం దువ్వేవాడు.

దసరా సెలవులకు ముందురోజు ఆయుధపూజ. బండీ, కొడవలీ కడిగి బొట్టు పెట్టినట్టే వాళ్లు కంప్యూటర్లకు పెడతారట. మా సూపర్‌వైజరు "అన్ని మిషన్లు మంచిగ కడుగు" అన్నాడు. కడుగు అన్నాక ఊరుకుంటానా? తడిగుడ్డ పిండి, మసిగిన్నె తోమినట్టు ఒక్కొక్క మీటా నొక్కిపెట్టి రుద్దాను. మీసాల సారు మిషన్ దగ్గర చివరి పెద్ద మీట రుద్దానో లేదో, తాళం బొమ్మ మాయమై తెర నిండా ఏవో రాతలు! మిలిటరీ సామాను పాడుచేశాను, ఇక పనీ లేదు, పొయ్యీ లేదు.

అంతలో మీసాల సారు కుంకుమ పళ్లెంతో వచ్చాడు. నేను తెరకు అడ్డంగా నిలబడ్డాను.

"జరుగక్కా, బొట్టు పెట్టాలె."

"దీనికొద్దు సారూ, దీని పానం మంచిగ లేదు."

నన్ను దాటి తొంగిచూసి ఆయన పళ్లెం వదిలేసినంత పని చేశాడు. "ఎవలు చెప్పిండ్రు నీకు పాస్‌వర్డ్?"

"నా పేరే నాకు రాయరాదు, పాస్‌వర్డ్ ఏడికెల్లి వస్తది సారూ? తుడిచిన, గంతే. నా పని తీసెయ్యకుండ్రి" అని ఏడ్చేశాను.

మంచిర్యాల సారు తాళం మళ్లీ వేయించి, "మల్లొక్కపారి తుడువక్కా, అందరం చూస్తం" అన్నాడు. గుడ్డ మళ్లీ పిండి తుడిచాను. మళ్లీ తెరుచుకుంది. హాలంతా ఒకటే నవ్వు.

"చూసిండ్రా? అక్క గుడ్డ కింద మీటలు నొక్కుకపోయి ఎంత పొడుగు రాత వచ్చినా గీ తాళం ఆపకుండ మింగింది. కడుపు పగిలి గేటు తెరిచింది. రెండు దినాల సంది తెలివితోని నొక్కిండ్రు మీరు, గందుకే దొరకలే" అన్నాడాయన. తర్వాత సూపర్‌వైజర్‌కేసి తిరిగి, "గీ అక్కను తీసేస్తే సెలవులైనంక నేను రాను" అన్నాడు. నా పని అలా పక్కా అయింది. ఆ తర్వాత ఎన్ని బ్యాచులు వచ్చినా, తాళం రాయడం అయ్యాక "అక్కను పిలువుండ్రి" అనేవాళ్లు.

కానీ నాకు గుర్తుండేది అది కాదు. మీసాల సారు మీసం వదిలేసి, కుంకుమ పళ్లెం నా ముందు పెట్టాడు. "నువ్వే పెట్టక్కా."

"నేను ముట్టొద్దు సారూ" అన్నాను. ఆరు నెలలుగా ఎవరూ నన్ను కుంకుమ దరిదాపులకు రానివ్వలేదు.

"తాళం తెరిచినోళ్లే పెట్టాలె. పెట్టు."

ఆ ఇద్దరు సార్లూ ఎక్కడున్నా చల్లగా ఉండాలి. ఎక్కడ పెట్టాలో తెలియక, తెర నడిమధ్య ఇంత బొట్టు పెట్టేశాను. పిచ్చిదాన్ని. మళ్లీ నేనే తుడవాలి కదా! ఎందుకో ఆ ఒక్కటి మాత్రం సెలవులయ్యేదాకా తుడవలేదు.