ఆంటీ బండికి తొంభై ఒకటే

పోయిన నెల ఒక ఉదయం నేను ఆఫీసుకు బయల్దేరుతుంటే పక్కింటి అంకుల్ మా డ్రైవ్‌వేలోకి వచ్చి నిలబడ్డారు. లోపలికి రమ్మంటే రాలేదు. "మీ ఆంటీ వెళ్ళిపోయిందమ్మా, తెల్లారుజామున" అన్నారు. నా చేతిలోని హెల్మెట్ చూసి, "నువ్వు జాగ్రత్తగా వెళ్ళు" అన్నారు. ఆ రోజు నేను ఎక్కడికీ వెళ్ళలేదు.

చుట్టరికం చూస్తే ఆమెకు నేను ఏమీ కాను. ఈ పరాయి దేశంలో, టకానిని అనే శివారులో పక్కపక్క ఇళ్ళు, అంతే. వాళ్ళది గుంటూరు వైపు, మాది కర్నూలు. వాళ్ళు ఆదివారం పొద్దున్నే చర్చికి తయారవుతారు, నేను అదే ఆదివారం ముసుగుతన్ని పడుకుంటాను. ఆమె ముసలివాళ్ళుండే రెస్ట్ హోమ్‌లో నర్సు, నేను కంప్యూటర్ ముందు కూర్చుని కళ్ళు పాడుచేసుకునే మనిషిని. మా ఇద్దర్నీ కలిపింది పెట్రోలు బంకు.

మోటర్‌వే మీద కార్ల బారులో కూర్చోలేక నేను ఒక చిన్న సెకండ్ హ్యాండ్ బైకు కొనుక్కున్నాను. మొదటిసారి బంకుకు వెళ్తే 91, 95, 98 అని మూడు గొట్టాలు కనిపించాయి. పెద్ద అంకె చూసి 98 అందుకున్నాను. వెనక నుంచి తెలుగులో ఒక కేక వినిపించింది.

"ఆగవే అమ్మాయ్! పసిపిల్లకి బిర్యానీ పెడతావా?"

తిరిగి చూస్తే నర్సు యూనిఫాం మీద రైడింగ్ జాకెట్ వేసుకుని, యాభై దాటిన ఒకావిడ, తనకంటే బరువైన పాత బండిని ఆనుకుని నిలబడి ఉంది. "మా పక్కింట్లో కొత్తగా దిగింది నువ్వేగా?" అంది. ముక్కూ మొహం సరిగా తెలియని మనిషి అలా అరిచేసరికి నాకు ఒళ్ళు మండింది.

"పిండి కొద్దీ రొట్టె అంటారు కదా ఆంటీ" అన్నాను.

"పిండి సంగతి సరే, పెనం ఎంతుందో చూసుకోవద్దా?"

ఆ తర్వాత అక్కడే, ఎవరూ అడక్కుండానే, పాఠం మొదలుపెట్టింది. "ఆ నెంబరు బలం కాదే, ఓర్పు. ఇంజన్ లోపల పెట్రోల్ని గట్టిగా నొక్కుద్ది. స్పార్కు వచ్చేదాకా అంటుకోకుండా ఆగాల. బాగా నొక్కే బళ్ళకి నైంటీ ఫైవో నైంటీ ఎయిటో కావాల. నీది మెత్తగా నొక్కే బండి, నైంటీ వన్ చాలు. బండితో పుస్తకం వచ్చుంటది, చదివావా?"

చదవలేదు. ఎవరు చదువుతారు?

98 పంపు మీద ఉన్న చిన్న స్టిక్కరు మీద వేలు పెట్టి చూపించింది. ఆ బంకులో 98లో పది శాతం దాకా ఇథనాల్ కలుపుతారు. "రోజూ తిరిగే కొత్త బళ్ళు చాలావరకు దీన్ని అరిగించుకుంటాయి. నా ముసలిదానికి మాత్రం పడదు. ఇథనాల్ గాల్లో నీళ్ళని పీల్చుకుంటది. పాత కార్బరేటర్ బండిని ఇది పోసి నాలుగు నెలలు నిలబెట్టావనుకో, రబ్బరు పైపులు మెత్తబడతయ్, లోపలి సన్న బెజ్జాలు పూడిపోతయ్." నా బండి పుస్తకం ఇంటికెళ్ళి చూశాను. ఆమె చెప్పిందే ఉంది. ఆ సంగతి మాత్రం ఆమెకు వెంటనే చెప్పలేదు.

బండిలో ఏం పోస్తున్నారో చూసుకునే అలవాటు ఆమెకు చిన్న వయసులోనే వచ్చిందట. అప్పట్లో పల్లెల్లో టీకాలు వేయడానికి మోపెడ్ మీద తిరిగేది. ఆ బండికి పెట్రోల్లో ఆయిల్ కలిపించుకోవాలి. ఒకసారి బంకువాడు ఆయిల్ మరిచిపోయాడు, ఈమె చూసుకోలేదు. పొగాకు చేల మధ్య ఇంజన్ పట్టేసింది. ఐసు కరిగేలోపు టీకాల పెట్టె నెత్తిన పెట్టుకుని ఊరిదాకా నడిచింది. అందుకే బంకులో పెట్రోలు పడుతున్నంతసేపు ఎవరితోనూ మాట్లాడేది కాదు. అయ్యాక మూత బిగించి, ట్యాంకు మీద అరచేత్తో రెండుసార్లు తట్టేది. ఇంజెక్షన్ చేశాక పిల్లల్ని తట్టినట్టే ఉండేది.

నా నోటి సంగతి నాకు తెలుసు. మేనేజర్‌తో గొడవ పెట్టుకుని ఇంటికొచ్చిన రోజు ఆ గొడవంతా ఆమె వంటింట్లో కక్కేదాన్ని. ఆమె పెసరట్టు తిప్పుతూ మొత్తం వినేది. చివర్లో ఒకటే మాట అనేది: "నొక్కగానే అంటుకుంటే ఎట్టాగే? స్పార్కు వచ్చేదాకా ఆగు. నైంటీ ఫైవన్నా అవ్వు." ఇప్పటికీ మీటింగుల్లో నేను నోరు తెరవబోయి ఆగానంటే అది ఆమె పుణ్యమే.

అంకుల్‌కు బైకంటే భయం. కారు నడిపినా వెనకాల పెద్ద ఊరేగింపు తయారయ్యేంత నెమ్మది. పోయిన ఏడాది చలికాలం ముందు ఆంటీకి క్యాన్సర్ అని తేలింది. ఆపరేషను, ఆ తర్వాత కీమో. ఆమె ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళు, ఇంటికి వచ్చాక మంచం దిగలేకపోయినన్నాళ్ళు, ఆయన చేతులు ఊరికే ఉండలేదు. గరాజ్‌లో బండిని తుడిచేవారు. బ్యాటరీకి ఛార్జరు తగిలించి ఉంచారు. నేను వెళ్ళినప్పుడల్లా దాని పచ్చ లైటు వెలుగుతూ కనిపించేది.

చలి తగ్గాక ఒక శనివారం ఆంటీ గోడ పట్టుకుంటూ గరాజ్‌లోకి వచ్చింది. మళ్ళీ కీమో మొదలుపెట్టాలని డాక్టర్లు చెప్పారు. "ఈసారి దాని తర్వాత నాకు ఓపిక ఉండదే. ఈలోపు ఒక్కసారి నడపాల" అంది నాతో. ఆమె అడిగింది అదొక్కటే.

బండి స్టార్ట్ కాలేదు. స్టార్టర్ హుషారుగానే తిరుగుతోంది, ఇంజన్ మాత్రం అందుకోవడం లేదు. అంకుల్ కంగారు పడిపోయారు. "మంచి పెట్రోలే పోశానే! నువ్వు ఆస్పత్రిలో చేరినప్పుడే క్యానులో తెచ్చి నింపా. నైంటీ ఎయిట్! నువ్వొచ్చేసరికి అది రాణీలాగా ఉండాలని..."

నేను నోరు తెరిచాను. ఆంటీ నా చెయ్యి పట్టుకుని నొక్కింది. ఒంట్లో ఏమీ లేకపోయినా ఆ పట్టు మాత్రం నర్సు పట్టే.

"బ్యాటరీ అయ్యుంటదండీ" అంది ఆయనతో. "పాతదైపోయింది. కొత్తది తెస్తారా?"

అంకుల్ బండి వైపు, ఆమె వైపు చూశారు. "అయ్యుంటది" అని కారు తాళాలు తీసుకుని వెళ్ళారు.

"నిజం చెప్తే ఏమయ్యేది ఆంటీ? రేప్పొద్దున మళ్ళా అదే పోస్తారు కదా ఆయన!" అన్నాను.

"పోయనీలే. ఆస్పత్రి నుంచి ఒక్కడే ఇంటికొచ్చి, ఏం చెయ్యాలో తోచక, ఉన్నవాటిల్లో మంచిదని తెచ్చి పోశాడు. అది తప్పని నా నోటితో చెప్పమంటావా? గ్లౌజులేసుకో."

ఆమె దుప్పటి కప్పుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. గరాజ్ తలుపు బార్లా తీయించింది. ఆమె చెప్తుంటే నేను ట్యాంకు ఖాళీ చేశాను. కొంచెం పెట్రోలు ఖాళీ ఆవకాయ సీసాలో పట్టించి బల్ల మీద పెట్టించింది. మొదట మసకగా ఉంది. కదపకుండా ఉంచితే అడుగున నీళ్ళలాంటిది వేరే పొరగా దిగింది.

"ఓర్చినమ్మకు తేట నీరన్నారు" అంది ఆంటీ నవ్వుతూ. "చూడు, తేట పైకొచ్చింది."

కార్బరేటర్ కింది గిన్నె విప్పి కడిగాను. సన్న బెజ్జాల్ని తీగతో కాదు, క్లీనర్ స్ప్రేతోనే శుభ్రం చేయమంది. మెత్తబడిన పైపు తీసి, ఆమె ఎప్పుడో దాచిన కొత్తది వేశాను. నా బండి మీద బంకుకు వెళ్ళి క్యానులో 91 తెచ్చాను. అంకుల్ ఇంకా రాలేదు. బ్యాటరీ షాపు అంత దూరమేమీ కాదు, కానీ ఆయన డ్రైవింగ్ తెలుసు కాబట్టి మాకు అనుమానం రాలేదు.

రెండుసార్లు దగ్గి, మూడోసారి బండి అందుకుంది. ఆంటీ కళ్ళు మూసుకుని ఆ శబ్దం వింది. జుట్టు లేని తలకు స్కార్ఫు చుట్టుకుని, హెల్మెట్ వదులు కాకుండా పట్టీ బిగించమంది. మెల్లగా వీధిలోకి దిగి, రౌండెబౌట్ దాకా వెళ్ళి, తిరిగి వచ్చింది. అంతే దూరం. నాకు ఏడుపు ఆగలేదు. అప్పటికి అంకుల్ వచ్చి, కొత్త బ్యాటరీ పెట్టెను పసిబిడ్డలా రెండు చేతులతో పట్టుకుని లెటర్‌బాక్సు పక్కన నిలబడి ఉన్నారు.

"వైరు వదులైందంతేనండీ, బిగించాం" అంది ఆంటీ దిగుతూ. ఆయన "మంచిదయింది" అన్నారు. ఆమె నా వైపు తిరిగి, "ఇంక చాలు" అంది. ఆ తర్వాత ఆమె బండెక్కలేదు.

మొన్న శనివారం అంకుల్ నన్ను గరాజ్‌లోకి పిలిచి బండి తాళం చేతిలో పెట్టారు. "నిలబెడితే పాడైపోద్దమ్మా. నువ్వు నడుపు." అరలో ఆ బ్యాటరీ పెట్టె అలాగే ఉంది. అతికించిన టేపు కూడా ఊడలేదు.

"దీన్ని విప్పనే లేదే అంకుల్?"

"చలికాలమంతా పచ్చ లైటు వెలుగుతానే ఉందిగా. బ్యాటరీకి ఏమీ కాలేదని నాకు తెలవదా?" అన్నారు నెమ్మదిగా. "నేను పోసినదాంట్లోనే ఏదో ఉందని ఆవిడ మొహం చూడంగానే అర్థమైంది. దాచిపెట్టాలనుకుంది, దాచనిచ్చా. మీ పని అయ్యేదాకా షాపు బయట కార్లో కూర్చున్నా."

ఆమె చివరిదాకా ఆ బ్యాటరీ అబద్ధం నెగ్గిందనుకుంది. ఆయన నెగ్గనిచ్చారు.

ఇద్దరం బంకుకు వెళ్ళాం. నేను బండి మీద, వెనక కార్లో ఆయన. గొట్టం నేను అందుకోబోతే ఆయన వారించారు. కళ్ళజోడు పెట్టుకుని, పంపు మీది స్టిక్కర్లన్నీ వంగి చదివారు. 91 తీసుకున్నారు. నేను ఏదో అనబోతే చెయ్యెత్తి ఆపి, నిండేదాకా ఒక్క మాట మాట్లాడలేదు. మూత బిగించాక, ఎవరైనా చూస్తున్నారేమోనని అటూ ఇటూ చూసి, అరచేత్తో ట్యాంకు మీద రెండుసార్లు తట్టారు.