ఆత్మకూరు జమాబందీకి మా బడి అర్జీ

ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన మరుసటి ఎండాకాలం నేనూ యాకోబూ ఉదయగిరి నుంచి ఆత్మకూరు వెళ్ళాం. వెళ్ళిన పని సర్కారుకు ఒక అర్జీ ఇవ్వడం.

ఉదయగిరిలో కళ్ళు లేని పిల్లలకూ, చెవులు వినపడని పిల్లలకూ ఒక చిన్న బడి ఉంది. అందులో నేను పంతులమ్మను. యాకోబు పిల్లలకు పేము అల్లడం, తాళ్ళు పేనడం నేర్పుతాడు. నాకంటే పదేళ్ళు పెద్ద, పుట్టుకతోనే చూపు లేదు. బడి పెట్టిన దొరసానమ్మ తన దేశం వెళ్ళిపోయాక అంతా చందాలమీదే నడిచింది. పంటలు పండితే పిల్లలకు రెండు పూటలా అన్నం. వాన తప్పితే బడి మూసి పిల్లల్ని ఇళ్ళకు పంపడం. అంతకు ముందు ఏడు అలాగే మూశాం. తిరిగి తెరిచాక ఒక పిల్ల రాలేదు. కావలి స్టేషన్లో అడుక్కుంటోందని ఎవరో చూసి వచ్చి చెప్పారు.

ఆ మాట విన్న రోజునే యాకోబు, "ఊళ్ళో బడి వాన తప్పినా మూతబళ్ళేదే, మనదే ఎందుకు మూస్తా ఉండాం?" అని అడిగాడు. ఆత్మకూరులో ఏటా శిస్తు లెక్కలు చూసే జమాబందీ జరుగుతుందనీ, పెద్ద అధికారి అర్జీలు తీసుకుంటారనీ తెలిసి, రెండు తెల్ల కాగితాలు తెచ్చి, బడి ఖర్చు సర్కారు భరించాలని అర్జీ రాయడానికి కూర్చున్నాను.

బస్సు ఆరింటికన్నారు. ఏడుంపావుకు కదిలింది. టికెట్టు ఒక్కొక్కరికి రూపాయి రెండణాలు. యాకోబును కిటికీ పక్క కూర్చోబెడితే కండక్టరు, "ఆయనకు కిటికీ ఎందుకమ్మా?" అన్నాడు.

"గాలి నాక్కూడా తగలాల గదన్నా," అన్నాడు యాకోబు. కండక్టరు నవ్వి ఊరుకున్నాడు.

మా ఊరి దుర్గం కొండ వెనకబడింది. దారి పొడవునా కోసేసిన జొన్న చేలు, తుమ్మచెట్లు, అడుగంటిన చెరువులు. ఒక చెరువులో ఆడా మగా మోకాలి లోతు బురదలో చేపలు పడుతున్నారు. బస్సులో సగం మంది అనుమసముద్రంపేట దర్గాకు పోయేవాళ్ళే. నా పక్కన కూర్చున్నామె పేరు ఫాతిమాబీ. ఒళ్ళో ఏడేళ్ళ కూతురు. పిల్లకు చెవులు వినపడవు, మాటలు రాలేదు. నా చేతిలోని కాగితం ఏమిటని అడిగితే చెప్పాను.

"ఈ కాయితం ఇస్తే పిల్లకు మాటలొస్తాయా?" అంది.

"మాటలొస్తాయని చెప్పలేను. చదువూ, చేతిలో ఒక పనీ వస్తాయి."

ఆమె పిల్లను ఒళ్ళో సర్దుకుంది. తొమ్మిదిన్నరకు అనుమసముద్రంపేటలో బస్సు ఆగింది. దిగబోతూ, "ఏలిముద్ర ఏడ వెయ్యాల?" అంది. సిరా దిండు తీసి వేయించాను. తల్లిని చూసి పిల్ల కూడా బొటనవేలు చాచింది. దానిదీ వేయించాను. చెల్లుతుందో చెల్లదో ఆలోచించలేదు.

ఆత్మకూరు చేరేసరికి పదకొండు దాటింది. చర్చి పాస్టరుగారి భార్య వాళ్ళ వసారాలో మాకు చోటిచ్చింది. బస్టాండు దగ్గర హోటల్లో ఆరణాల భోజనం చేసి, రెండింటికి జమాబందీ జరిగే బంగళాకు వెళ్ళాం. ఆ పనిమీద వెళ్ళేవారెవరైనా ఉదయమే వెళ్ళడం మేలు. మాకంటే ముందు పట్టాలకనీ శిస్తు తగ్గించమనీ వచ్చిన రైతులు నలభైమందికి తక్కువ లేరు. వరండాలో పేము బెంచీ మీద కూర్చున్నాం. యాకోబు దాన్ని తడిమి, "కొత్త చెయ్యి. ఆరు నెల్లకు కుంగిపోతాది," అన్నాడు.

ఐదింటికి పిలుపు వచ్చింది. అధికారి నెమ్మదస్తుడు. నన్ను కూర్చోమన్నారు. అర్జీ మొత్తం చదివారు.

"మంచి పని చేస్తున్నారమ్మా. కానీ ఇది ధర్మకార్యం. దీనికి మా దగ్గర పద్దు లేదు," అన్నారు. పక్కనే ఒక బియ్యం మిల్లు యజమాని కూర్చుని ఉన్నాడు. అధికారి ఆయన వైపు చూశారు.

"నేను రెండొందలిస్తాను సార్," అన్నాడాయన వెంటనే. "ఒకనాడు పిలకాయల్నందర్నీ ఈడికి తోలకరమ్మనండి. తమరి చేతుల మీదగా ఇద్దాం."

రెండొందలంటే పిల్లలకు నాలుగు నెలల తిండి. నేను నమస్కారం పెట్టడానికి లేచాను. ఇంతలో యాకోబు, "వొద్దయ్యా," అన్నాడు.

గదిలో అందరూ ఆయన వైపు తిరిగారు. యాకోబు గొంతు పెంచలేదు.

"అయ్యా, ఈ ఊళ్ళో బడి ఉండాది గదా. ఆ పంతులికి జీతం ఎవురిస్తా ఉండారు?"

"ప్రభుత్వం," అన్నారు అధికారి.

"ఏటేటా ఇస్తా ఉండారా, ఒకసారిచ్చి పొమ్మన్నారా?"

అధికారి అర్జీని మళ్ళీ చేతిలోకి తీసుకున్నారు.

"ఆ పిలకాయలకు చెప్తే అది సర్కారు పని. మా పిలకాయలకు చెప్తే ధర్మమా? ఈ రెండొందలు నాలుగు నెలలొస్తాయి. ఐదో నెల బడి మూస్తాం. పోయినేడు మూస్తే ఒక పిల్ల స్టేషన్లో అడుక్కతింటా ఉండాది. ఇంకోసారి మూయలేమయ్యా."

"ఇచ్చేది వొద్దంటాడేంది ఈయన!" అని మిల్లు యజమాని లేచి బయటికి వెళ్ళిపోయాడు. అధికారి కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టారు. కాసేపటికి మళ్ళీ పెట్టుకుని, అర్జీ అంచున ఇంగ్లీషులో నాలుగు వరసలు రాశారు. "పైకి పంపిస్తాను. వస్తుందని మాట ఇవ్వను," అన్నారు. బయట గుమాస్తా మాకు చదివి వినిపించాడు. ఒక పంతులు జీతం ఏటేటా ఇవ్వదగునని రాశారట.

ఆ సాయంత్రం నేను యాకోబుతో మాట్లాడలేదు. పాస్టరుగారింట్లో పెట్టిన సంకటి సగం వదిలేశాను. వచ్చే నెల పిల్లలకేం పెట్టాలో ఆయనకు తెలియదా అని కోపం.

మర్నాడు ఏడింటి బస్సులో తిరుగు ప్రయాణం. జనం తక్కువ. ఊరు దాటాక ఉండబట్టలేక అడిగాను. "ఆ డబ్బు తీసుకుని, అర్జీ కూడా ఇచ్చి ఉండొచ్చు కదన్నా?"

"తీసుకోనుంటే ఆ ఆఫీసరు కలం తీసుండడమ్మా. పనైపోయిందనుకోనుంటాడు."

కొంతదూరం పోయాక తనే మళ్ళీ అన్నాడు. "చిన్నప్పుడు గుడ్డలు పంచినా, బియ్యం పంచినా నన్నే ముందు నిలబెట్టి పాట పాడించేవోళ్ళు. ఎవురెవురికి దండాలు పెట్టినానో నాకే తెలవదు. మన పిలకాయల్ని గూడా అట్టా నిలబెట్టాల్నా?"

చందాదారులు బడికొచ్చిన రోజుల్లో పాడడానికి పిల్లలకు అలాంటి పాటలు నేర్పింది నేనే.

అర్జీకి జవాబు తొమ్మిది నెలలకు వచ్చింది. మూడేళ్ళపాటు ఒక జీతం ఇస్తామనీ, తరువాత మళ్ళీ రాసుకోవాలనీ. ఈలోగా ఆ నెలలన్నీ అరువు గింజలతో ఎలాగో గడిచాయి, బడి మూయలేదు. ఆ ఉదయం బస్సులో ఇవేవీ మాకు తెలియవు. ఎండ ముదరకముందే దుర్గం కొండ కనిపించింది. చందా పుస్తకం చేతపట్టుకుని ఉదయగిరి, ఆత్మకూరు తాలూకాల్లో నేను ఎక్కని గడప లేదు. ఎక్కిన ప్రతిచోటా బతిమాలాను. అడగడమంటే ఏమిటో ఆత్మకూరులో చూశాను.